నాకేం పెట్టి పెంచావు?

ఫిబ్రవరి 3

అక్కా,

ఇక్కడ అంతా బాగుందని మొదలుపెట్టే ఉత్తరం కాదిది. నా రక్తంలో చక్కెర ఉందన్నాడు డాక్టరు. రక్తపోటు కూడా ఉందట. మోచేతుల మీద దురద సంగతి నీకు తెలిసిందే. నాకింకా యాభై నిండలేదు. ఇదంతా ఫోనులో చెప్పచ్చు కదా అంటావేమో. నేను ఫోనులో అరుస్తానని, ఏమున్నా కాగితం మీద పెట్టమని పోయినేడాది రిసీవరు పెట్టేసింది నువ్వే.

అసలు సంగతికి వస్తాను. మా ప్రెస్సుకి ఒక డాక్టరమ్మ రాసిన పుస్తకం అచ్చుకి వచ్చింది. బిడ్డ కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్ళు నిండేదాకా అందిన తిండి తర్వాతి బతుకుని ఎలా మలుస్తుందో చెప్పే పుస్తకం. ప్రూఫులు దిద్దే పని నాకే ఇచ్చారు. ఆవిడ అధ్యాయాలు వరసగా పంపదు. ఏది తయారైతే అది పంపుతుంది. ముందు మూడోది వచ్చింది. అక్షరదోషాల కోసం చదవడం మొదలుపెడితే, ఎవరో నా గురించి చాటుగా చెప్పుకుంటున్నట్టు అనిపించింది.

పసితనంలో తిండి చాలని పిల్లల ఒళ్ళు కరువుకి అలవాటు పడుతుందట. పెద్దయ్యాక కడుపునిండా దొరికితే తట్టుకోలేక చక్కెర, రక్తపోటు తెచ్చుకుంటుందట. ఆ వయసులో ఒంట్లో ఇనుము తగ్గితే పిల్లలకి చిరాకు ఎక్కువవుతుందట. ‘చిరాకు’ అన్న మాట దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ అందరూ నన్ను కోపిష్టి అన్నారే గాని, ఒక్కరైనా ఇనుము సంగతి ఎత్తారా?

అమ్మ నన్ను కని మంచాన పడితే, పద్నాలుగేళ్ళ పిల్లవి నువ్వే నన్ను పెంచావు. అందుకని నిన్నే అడగాలి. మొదటి రెండేళ్ళు నాకేం పెట్టి పెంచావు? గుర్తున్నంతవరకు వివరంగా రాయి. నేనేం తప్పు పట్టడం లేదు.

నీ మరదలు అక్కడ మన అమ్మాయి పిచ్చుక ఇంట్లోనే ఉంది కదా. కూతురి కానుపుకి ఇంకా రెండు నెలలుండగానే వెళ్ళిపోయింది. తల్లి కదా, తొందర. వెళ్ళే ముందురోజు సూపు గిన్నె ఒకటి నా చేతిలోంచి జారింది. కొంచెం దూరమే జారింది, గోడదాకా. ఉప్పు ఎక్కువైంది మరి. ఆ విషయం నీ దగ్గర ఎత్తితే ఇనుము సంగతి కూడా కలిపి చెప్పు.

నేరం తనది కాదని ఇప్పుడే తెలుసుకున్న
నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 9

తమ్ముడూ,

కుట్టుమిషను ఆపి నీ ఉత్తరం చదివాను. ఆ మంటలో ఒక స్కూలు పిల్లవాడి నిక్కరు నడుము వదులు చెయ్యమంటే బిగించి కుట్టేశాను. ఇప్పుడు కూర్చుని విప్పుతున్నాను.

‘తప్పు పట్టడం లేదు’ అని రాశావు. పట్టడానికి ఒకటి ఉందన్నమాట. సరే, విను. పొద్దున్న లేవగానే గ్లాసుడు పాలు, మీగడతో సహా. కాసేపటికి వెన్న వేసిన గంజి. మధ్యాహ్నం గుడ్డు. సాయంత్రం పండు చిదిమి పెట్టేదాన్ని. పడుకోబోయే ముందు మళ్ళీ పాలు. నిన్నెత్తుకున్న వాళ్ళు రెండో నిమిషంలో దించేసేవాళ్ళు, అంత బరువు. నీకు తిండి చాలలేదన్న మనిషిని నా కొట్టుకి తీసుకురా, టేపు పెట్టి మాట్లాడతాను.

గిన్నె సంగతి మరదలు చెప్పలేదు. నువ్వే చెప్పావు. అది రోజూ సాయంత్రం వచ్చి, పుట్టబోయే బిడ్డకి గుడ్డలు అంచు కుట్టుకుని వెళ్ళిపోతుంది. నీ పేరెత్తదు. పిచ్చుక బాగానే ఉంది. అల్లుడు ఓడ మీద ఉన్నాడు, ఎప్పుడొచ్చేదీ ఆ ఓడకే తెలియాలి.

నా కుడికంట్లో పొర ముదిరిందట. మార్చిలో మీ ఊరి కంటి ఆసుపత్రిలో తీసేస్తామన్నారు. అప్పుడు నీ ఇంట్లోనే దిగుతాను. ఇప్పటి నుంచే ఊడవడం మొదలుపెట్టు.

పోయినసారి నా ఉత్తరంలో తప్పులకి ఎర్రసిరాతో సున్నాలు చుట్టి తిరిగి పంపావు. మళ్ళీ ఆ పని చేశావా, నీ చిరిగిన ప్యాంట్లు ఇక నువ్వే కుట్టుకో.

మీగడ పెట్టి మాటలు పడుతున్న
అక్క

*

ఫిబ్రవరి 16

అక్కా,

సున్నాలు చుట్టలేదు. మనసులోనే దిద్దుకున్నాను.

నీ ఉత్తరం చదివి నిర్ఘాంతపోయాను. సరిగ్గా నిన్ననే ఐదో అధ్యాయం వచ్చింది. పసిపిల్లల్ని అతిగా మేపి గబగబా బరువు పెంచితే, పెద్దయ్యాక ఊబకాయం, చక్కెర వచ్చే అవకాశం ఎక్కువట. మీగడతో సహా అని నీ చేత్తో నువ్వే రాశావు. రెండో నిమిషంలో దించేసేవాళ్ళని సాక్ష్యం కూడా పెట్టావు. మూడో అధ్యాయం చూసి నిన్ను అనవసరంగా అనుమానించాను. నాకు జరిగింది ఐదో అధ్యాయం. ప్రేమతోనే చేశావులే. అలాంటివి ప్రేమతోనే చేస్తారని డాక్టరమ్మ కూడా రాసింది.

కోపానికి మాత్రం ఇందులో ఏమీ దొరకలేదు. వెతుకుతున్నాను.

నా బతుకు ఎలాగూ అచ్చయిపోయింది, ఇక దిద్దడానికి లేదు. పిచ్చుక బిడ్డది ఇంకా ప్రూఫు దశలోనే ఉంది. అందుకని, గర్భిణి తిండి గురించి ఉన్న భాగాలన్నీ నా చేత్తో ఎత్తి రాసి దానికి పంపాను. ముఖ్యమైన చోట కింద గీతలు కూడా గీశాను. ‘ఈ నెలల్లో తల్లి తినని ప్రతి ముద్దకీ బిడ్డ జీవితాంతం శిక్ష అనుభవిస్తుంది’ అన్న వాక్యం పుస్తకంలో లేదు, నేనే చేర్చాను. ఉండాల్సిన వాక్యం. నువ్వు రోజూ వెళ్ళి అది సరిగ్గా తింటోందో లేదో చూసి రాయి.

వంట నేనే చేసుకుంటున్నాను. ఉప్పు ఎక్కువవడం ఇంత సులభమని ఎవరూ చెప్పలేదు.

ముందుచూపు గల
నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 24

తమ్ముడూ,

మీగడ వెనక్కి తీసుకుంటున్నాను. గుడ్డూ లేదు, వెన్నా లేదు. అమ్మ మందులకే సరిపోయేది, పాలవాడు మన గుమ్మం దాటి వెళ్ళిపోయేవాడు. గంజిలో ఎన్ని నీళ్ళు పోస్తే అన్ని పూటలు. నీ ఒంటి మీద ఎముకలు లెక్కపెట్టచ్చు. ఇప్పుడేమంటావు? ఎక్కువ పెట్టానని ఇక అనలేవుగా.

ఇక్కడ నువ్వు చేసిన నిర్వాకం విను. ‘నా బతుకు అచ్చయిపోయింది, దిద్దడానికి లేదు’ అన్న ముక్క మరదలికి చదివి వినిపించాను. నువ్వు ఆఖరి రోజుల్లో ఉన్నావనుకుంది. గబగబా వెళ్ళి సంచీలో బట్టలు సర్దేసింది. అయ్యో, అది కాదమ్మా అని పాత ఉత్తరం కూడా తీసి మొత్తం చదివాను. ఇనుము దగ్గరికి వచ్చేసరికి సర్దిన బట్టలన్నీ ఒక్కొక్కటీ బయటికి తీసింది.

“ఒంట్లో ఇనుము తక్కువైతే అందరి ముందూ తక్కువే అవ్వాలి కదా వదినా?” అంది. “వాళ్ళ ప్రెస్సు మేనేజరు ముందు ఇంతవరకు ఒక్క గిన్నె కూడా జారలేదే!”

దీనికి జవాబు కుట్టివ్వడం నా వల్ల కాదు. నీ దగ్గరుంటే రాయి.

పిచ్చుకకి నువ్వు పంపిన కాగితాలు అందాయి. ఆ రోజు నుంచి గదిలోంచి బయటికి రావడం లేదు. ఏం రాశావో చూపించమంటే తలగడ కింద దాచింది. అడిగితే “నాన్న చక్కగా రాశాడత్తయ్యా” అని అటు తిరిగి పడుకుంది. ఎందుకైనా మంచిది, ఇంకేమీ పంపకు.

అక్క

*

మార్చి 1

అక్కా,

నీ ఉత్తరంతో చిక్కు విడిపోయింది. పసితనంలో కరువు, పెద్దయ్యాక నీ మరదలి వంట. అచ్చం మూడో అధ్యాయం! మొదట నేననుకున్నదే నిజమైంది. మీగడ ఎందుకు కల్పించావో గాని, దానివల్ల నా రెండు వారాలు వృథా అయ్యాయి.

మేనేజరు సంగతి నాకూ అంతు పట్టలేదు. నిన్న డాక్టరమ్మ ప్రెస్సుకి వస్తే అడిగేశాను.

“అమ్మా, పసితనంలో నన్ను బాగా మేపారు, లేదా అసలు మేపలేదు. సాక్షి ఒక్కరే, మాటలు రెండు. నాకు చక్కెర దేనివల్ల వచ్చుంటుంది?”

ఆవిడ కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది. “మీ నాన్నగారికి ఉండేదా?”

“ఉండేది.”

“రోజంతా కూర్చునే పనేనా?”

“ప్రూఫులు నడుస్తూ చదవలేం కదమ్మా.”

“టీలో చక్కెర ఎంత వేసుకుంటారు?”

నేను మాట మార్చి కోపం సంగతి అడిగాను. ఆవిడ, “చూడండి, నేను రాసింది వేలమంది పిల్లల్ని కలిపి చూస్తే కనపడే సంగతి. అందులోంచి ఒక్క మనిషిని వేలు పెట్టి చూపించలేం. మొదటి రెండేళ్ళు చాలా ముఖ్యం, కాదనను. మిగతా ఏళ్ళన్నీ మీరేం చేశారన్నది నా పుస్తకంలో దొరకదు” అంది.

రచయితలకి తమ పుస్తకం మీదే పట్టుండదని మా ప్రెస్సులో అంటూనే ఉంటాం. ఆఖరి అధ్యాయం ఇంకా రాస్తోందట. ‘ఇవన్నీ అవకాశాలే గాని తీర్పులు కావు, తర్వాత సరిదిద్దుకునేవి చాలా ఉన్నాయి’ అని అందులో ఉంటుందట. అంత పెద్ద మాట ఆఖర్న పెట్టడం ఏం పద్ధతి?

పిచ్చుక గదిలోంచి రావడం లేదంటే శ్రద్ధగా చదువుతోందని అర్థం. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ చదువంటే ఇష్టం. తల్లిపాల గురించి ఆరో అధ్యాయం వచ్చింది. అది కూడా ఎత్తి రాస్తున్నాను.

నీ తమ్ముడు

*

మార్చి 5

తమ్ముడూ,

రాస్తున్నది ఆపు.

నిన్న పిచ్చుకకి నెల ముందే కాన్పు అయింది. ఆడపిల్ల. రెండు కిలోలు కూడా లేదు. ఊపిరి బాగానే తీసుకుంటోంది గాని చప్పరించే ఓపిక లేదు. ఆసుపత్రిలోనే ఉంచారు.

ఫోను చెయ్యలేదు. చేస్తే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, నీకు సగమే తెలుస్తుంది. సగం తెలిస్తే నువ్వేం చేస్తావో ఈ నెలంతా చూశాను. అందుకే ఇది మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

పిచ్చుకకి మొదటి నుంచీ ఏం తిన్నా వాంతులే. ఎక్కువ రోజులు మంచినీళ్ళు కూడా నిలవలేదు. డాక్టరు మందులిచ్చి, కొందరికి ఇలా ఉంటుంది, భయం లేదన్నాడు. నీకు చెప్పద్దని అదే ఒట్టు వేయించుకుంది. “నాన్నకి తెలిస్తే నేను తినడం లేదని అరుస్తాడు” అంది. నువ్వు అరవలేదు, గుండ్రటి అక్షరాలతో రాసి పంపావు. తినని ముద్దలన్నీ అది ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ పడుకుంది. నిన్న బిడ్డని చూపిస్తే “నేనే చేశాను” అని ముఖం తిప్పుకుంది.

నర్సు బతిమాలితే పాలు పిండి ఇస్తుంది. తీరా చెమ్చాతో బిడ్డకి పట్టబోతే, “వద్దు, తిననిదాని పాలలో ఏముంటుంది, డబ్బాపాలు పట్టండి” అని గిన్నె పక్కకి నెట్టేస్తుంది. తల్లి సరిగ్గా తినకపోయినా ఆ పాలే బిడ్డకి మందు, రోగాలకి అడ్డం నిలిచేది అవేనని నర్సు చెబుతూనే ఉంది. నర్సు మాట నోటిమాట. నీది రాతలో ఉంది, కింద గీతతో సహా.

నీకేం పెట్టానంటావా? నాకు గుర్తు లేదు. ఏది దొరికితే అది పెట్టి ఉంటాను. నువ్వు తిని ఉంటావు. నీ మీద కోపం వచ్చి ఒకసారి మీగడ అని రాశాను, ఇంకా కోపం వచ్చి ఇంకోసారి నీళ్ళగంజి అని రాశాను.

పదో తారీఖుకి నా కంటి ఆపరేషను. వాయిదా వేస్తే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. నేను బస్సెక్కితే ఇక్కడ మరదలు ఒక్కతే. రమ్మని రాయడం లేదు. వస్తే మాత్రం కాగితాలు లేకుండా రా.

అక్క

*

మార్చి 12

అక్కా,

కన్ను ఎలా ఉంది? కట్టు విప్పేదాకా మా పక్కింటి టీచరుగారు ఈ ఉత్తరం చదివి పెడతానన్నారు కాబట్టి కొంచెం మర్యాదగా రాస్తున్నాను.

నువ్వు చూసే వెళ్ళావు, వచ్చినప్పటి నుంచి నా చోటు వార్డు బయట బల్లే. పిచ్చుక గోడకేసి చూస్తుంది. నీ మరదలు నన్ను దాటుకుంటూ నడుస్తుంది. నేను రాసిన దాంట్లో ఆ వాక్యం నా సొంతమని పిచ్చుకతో చెప్పాను. “మరి మిగతావి?” అంది. మిగతావి పుస్తకంలోవే. లేచి బయటికి వచ్చేశాను.

నిన్న కొత్త నర్సు ఒకావిడ వివరాలు రాసుకోవడానికి వచ్చింది. గుమ్మంలో నేనే ఉన్నానని నన్నే అడిగింది.

“తల్లి పుట్టినప్పుడు ఎంత బరువుందండీ?”

“మామూలే,” అన్నాను.

“నెలలు నిండే పుట్టిందా?”

“నిండే ఉంటాయి.”

“ఎన్నాళ్ళు తల్లిపాలు తాగింది?”

“అందరూ ఎంత తాగుతారో అంతే.”

నర్సు కలానికి మూత పెట్టేసింది. నా గురించి నిన్ను ఎన్ని ప్రశ్నలు వేశానో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. అప్పుడు లోపల్నుంచి నీ మరదలు వచ్చింది. నా వైపు చూడలేదు.

“నెల ముందే పుట్టిందమ్మా. దీనికన్నా చిన్నది. నాకూ చివరిదాకా వాంతులే. చప్పరించలేకపోతే పాలు పిండి చుక్కలు చుక్కలుగా పట్టాను. మూడో నెల వచ్చేదాకా నేను సరిగ్గా పడుకున్నది లేదు.”

పిచ్చుక మంచం మీద లేచి కూర్చుంది. “ఎవరికమ్మా?”

“నీకే.”

“నాకా?”

“మరి పిచ్చుక అని ఊరికే పిలిచానా?”

నీకు తెలుసుగా, ఇప్పుడది నాకన్నా జానెడు పొడుగు, వార్డు తలుపు దగ్గర తల వంచి నడుస్తుంది. “ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?” అంది.

“ఎవరూ అడగలేదు,” అంది నీ మరదలు. ఆ మాట నాతో అనలేదు. అయినా నాకే తగిలింది.

“అప్పుడు నాన్న ఎక్కడున్నాడు?”

“ఓటర్ల జాబితా అచ్చవుతోంది. ప్రెస్సులోనే పడుకునేవారు.”

నిజమే. ఊరందరి పేర్లూ ఒక్క తప్పు లేకుండా దిద్దానని మేనేజరు మెచ్చుకున్నాడు. అది మాత్రం బాగా గుర్తుంది.

పిచ్చుక వాళ్ళమ్మ చేతులకేసి చూసింది. తర్వాత “ఆ పాలు ఇలా ఇవ్వు, నేనే పడతాను” అంది. సగం చెమ్చా లోపలికి వెళ్ళింది, సగం పాప మెడ మీదికి జారింది. నీ మరదలు ఆ మెడ తుడిచి, చెమ్చా మళ్ళీ నింపింది.

నీ తమ్ముడు

*

మార్చి 16

తమ్ముడూ,

ఇది టీచరుగారి దస్తూరీ, మాటలు నావి. కన్ను బాగుంది. ఇంకా నీళ్ళు తగలనివ్వద్దన్నారు.

నీ ఉత్తరం ఆవిడ చదువుతుంటే ‘అందరూ ఎంత తాగుతారో అంతే’ దగ్గర నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళు తెచ్చుకుంటానని వంటింట్లోకి వెళ్ళిపోయారు. పాపం, మర్యాదస్తురాలు.

ప్రెస్సు నుంచి ఇక్కడ నీ ఇంటికి ఆఖరి అధ్యాయం ప్రూఫు వచ్చింది. టీచరుగారు పైపైన చదివి, డాక్టరమ్మ నీతో అన్నదే ఉందన్నారు. బిడ్డని గుండెకి ఆనించుకోవడం, ఆకలి కనిపెట్టి ఓపిగ్గా పెట్టడం కూడా తిండిలో భాగమేనని ఉందట. పంపించమంటావా? నువ్వు దాన్ని కూడా ఎవరికో ఎత్తి రాసి పంపనంటేనే.

మరదలు మాట్లాడుతోందా?

అక్క

*

మార్చి 23

అత్తయ్యా,

ఇది నాన్న ఉత్తరమే, రాస్తున్నది నేను. నాన్న చేతులు ఖాళీగా లేవు. చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. ఇక్కడి నుంచి నాన్న.

అక్కా, నన్ను షర్టు విప్పించి కూర్చోబెట్టారు. తక్కువ బరువు పిల్లల్ని ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెడితే వెచ్చగా ఉండి తొందరగా తేరుకుంటారట. తల్లి అన్నం తినే వేళకీ, అమ్మమ్మ బట్టలుతికే వేళకీ ఇంకో ఛాతీ కావాలన్నారు. ఉన్నది నేనొక్కణ్ణే. “గట్టిగా మాట్లాడకూడదు, ఉలిక్కిపడుతుంది” అంది నర్సు. “కోపం వస్తే ముందు పాపని ఇచ్చేసి, తర్వాత తెచ్చుకోండి.” నీ మరదలు నాకు వినపడేలా నవ్వింది. (నిజంగానే నవ్వింది అత్తయ్యా.)

మొదటిరోజు భయంతో ఊపిరి బిగబట్టాను. ఇప్పుడు అలవాటైంది. అది నిద్రలో మూతి చప్పరిస్తే పాలవేళ అయినట్టే. ఏడవక ముందే నాకు తెలిసిపోతోంది. నిన్న నన్ను చీమ కుట్టినా కదల్లేదు. పాప పాలు తనే చప్పరించి తాగడం మొదలుపెట్టింది, బరువు కూడా పెరుగుతోంది. వచ్చేవారం ఇంటికి పంపిస్తామన్నారు. నేను టీలో చక్కెర మానేశాను. రుచిగా ఏమీ లేదు. నీ మరదలు నాతో మొదటిసారి అన్న మాట ఏమిటంటే, “కదలకండి, పడుకుంది.” తర్వాత ఇంకో నాలుగు మాటలు కూడా అంది గాని అవి పొగడ్తలు కావు. ఆఖరి అధ్యాయం పంపు. ఎవరికీ ఎత్తి రాయను.

అత్తయ్యా, నాన్న చెప్పింది ఇంతే. ఇక నా ముక్క.

ఇందాక అమ్మ నా కంచం తీసుకెళ్ళడానికి వచ్చింది. నాన్న గుసగుసగా “ఒక్క నిమిషం కూర్చో” అన్నాడు. పాపని పట్టుకోమంటాడేమోనని అమ్మ చేతులు చాచింది. అది కాదట. ఏదో అడగాలట.

“చిన్నప్పుడు మీ ఇంట్లో నీకేం పెట్టేవారు?” అన్నాడు.

“ఎవరికి, నాకా?” అంది అమ్మ.

“నీకే.”

అమ్మ కంచం కింద పెట్టి స్టూలు మీద కూర్చుంది. ముందు ఏమీ గుర్తు లేదంది. తర్వాత, అయిదుగురు పిల్లల్లో తను నాలుగోదాన్నని మొదలుపెట్టింది. ఇంకా చెబుతూనే ఉంది. ఇందులో ఒక్క ముక్క కూడా నాకు తెలియదు. నేనూ వినాలి, అందుకని ఇక్కడితో ఆపేస్తున్నాను.

నీ పిచ్చుక